డోవిమా ఫోటో వెనకవైపు

ఈ ఫోటోని మీరు చూసే ఉంటారు, పేరు తెలియకపోయినా. ఒంటికి అంటుకున్న నల్లటి గౌను, నడుము పక్కనుంచి నేల దాకా జారిన తెల్లటి శాటిన్ పట్టీ, పక్కకి తిరిగి పైకెత్తిన ముఖం, చెరోవైపుకి చాచిన చేతులు, చుట్టూ ఏనుగులు. ఇన్‌స్టాగ్రామ్‌లో, పోస్టర్ల మీద, ఫ్యాషన్ కాలేజీ కుర్రవాళ్ల ప్రెజెంటేషన్లలో ఎక్కడ పడితే అక్కడ తగులుతూ ఉంటుంది. రిచర్డ్ అవెడాన్ 1955 ఆగస్టులో ప్యారిస్‌లో తీశాడు. ఆ సెప్టెంబరు సంచికలో హార్పర్స్ బజార్ పత్రిక వేసింది. ఫ్యాషన్ ఫోటోగ్రఫీ చరిత్ర రాసేవాళ్లు దీన్ని దాటి పోవడం కష్టం.

2010 నవంబరులో ప్యారిస్‌లో జరిగిన క్రిస్టీస్ వేలంలో ఈ ఫోటో ప్రింటు ఒకటి 8,41,000 యూరోలకి పోయింది. అప్పటి లెక్కలో మన డబ్బులో 5 కోట్ల పైచిలుకు. కొన్నది క్రిస్టియన్ డియోర్ సంస్థ. ఫోటోలో గౌను వాళ్లదే.

అంత డబ్బు దేనికి పెట్టినట్టు? బొమ్మకి కాదు. బొమ్మ మన ఫోన్‌లోకి ఊరికే వచ్చేస్తుంది. నెగెటివ్‌కి కూడా కాదు, దాన్ని అమ్మలేదు. అమ్మింది ఒకానొక కాగితాన్ని. ఆ కాగితానికి ఒక పుట్టిన తేదీ, ఒక సైజు, అది ఏ గోడ మీద ఎన్నేళ్లు ఉందన్న కథ, వెనకవైపు కొన్ని రాతలు ఉన్నాయి. పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటోలకి వెల కట్టే పద్ధతులు చదవడం మొదలుపెట్టాక నాకు బాగా నచ్చిన విషయం ఇదే. ఆ పని తెలిసినవాళ్లు ఫోటో ముఖం చూసి ఎక్కువసేపు నిలబడరు. దాన్ని తిప్పి వీపు చూస్తారు.

ముందు ఆ ఆగస్టు సంగతి చూద్దాం. ఫోటో తీసిన చోటు సిర్క్ దివేర్, అంటే శీతాకాలపు సర్కస్. 1852లో కట్టిన భవనం, ఇప్పటికీ ఉంది. పేరుకి శీతాకాలమే గానీ తీసింది మాత్రం మంచి ఎండల్లో. శరత్కాలపు బట్టల్ని పత్రికల కోసం వేసవిలో ఫోటోలు తీసేవాళ్లు. లోపల పెద్ద పైకప్పు కిటికీ నుంచి వెలుతురు పడుతోంది, ఏనుగులు గొలుసులతో కట్టేసి ఉన్నాయి. ఆ దృశ్యం చూడగానే ఇదే తనక్కావలసిన చోటని తోచిందని అవెడాన్ తర్వాత చెప్పుకున్నాడు. గొలుసుల్ని దాచే ప్రయత్నం చెయ్యలేదు. ప్రింటులో అవి స్పష్టంగా కనిపిస్తాయి. గుడి ఏనుగుల్ని చూసి పెరిగిన మన కన్ను ముందు అక్కడికే పోతుంది కూడా.

మన కావ్యనాయికలు గజగమనలు. ఏనుగులా మెల్లగా, బరువుగా, హుందాగా నడవడమే వాళ్ల అందం. అవెడాన్‌కి కావలసింది దానికి సరిగ్గా తిరగేసిన వరస. ముడతలు పడ్డ మందపాటి చర్మం పక్కన నున్నటి శాటిన్, కదిలే కొండల మధ్య కదలకుండా నిలబడ్డ సన్నటి గీత. నలుపు తెలుపుల్లో తప్ప ఇది కుదరదు. రంగుల్లో తీసి ఉంటే గడ్డి గడ్డి రంగులో, ఏనుగు మట్టి రంగులో ఉండి సర్కస్ డేరా వాసన కొట్టేదని నా అనుమానం.

ఆ గౌను డియోర్ సంస్థదే అయినా గీసింది డియోర్ కాదు. ఆ ఏడాదే అక్కడ చేరిన 19 ఏళ్ల సహాయకుడు, ఈవ్ సాఁ లొరాఁ. మనం ఇవాళ సెయింట్ లారెంట్ అని బ్రాండుగా పిలుస్తున్న పేరు అతనిదే. డియోర్ కోసం అతను గీసిన మొదటి గౌను ఇదేనంటారు. రెండేళ్ల తర్వాత 1957లో డియోర్ పోయాక సంస్థ ఈ కుర్రాడి చేతికే వచ్చింది. కాబట్టి 2010లో డియోర్ సంస్థ కొన్నది అందమైన ఫోటోని మాత్రమే కాదు, తన వంశవృక్షంలో ఒక కొమ్మకి సాక్ష్యాన్ని.

తమాషా ఏమిటంటే అవెడాన్‌కి ఈ ఫోటో పూర్తిగా నచ్చలేదు. ఆ తెల్లటి పట్టీ ఎడమవైపుకి ఎగిరి ఉండాల్సింది, అప్పుడు గీత పూర్తయ్యేది, అలా ఎందుకు చెయ్యలేదో ఇప్పటికీ తెలియడం లేదని, అందుకే తన దృష్టిలో ఇది ఎప్పటికీ విఫలమైన ఫోటోయేనని అన్నాడు. ఒకసారి అది విన్నాక మీ కన్ను కూడా ఆ పట్టీ దగ్గరే తచ్చాడుతుంది. చూడండి కావలిస్తే.

1955లో ఈ ఫోటోకి ప్రింటు ఎందుకు చేశారు? గోడకి వేలాడదియ్యడానికి కాదు. పత్రిక బ్లాకు తయారీకి. ఆ రోజుల్లో ఫ్యాషన్ ఫోటో అంటే పనిముట్టు. నిగనిగలాడే కాగితం మీద మధ్యరకం సైజులో ప్రింటు చేసి, మచ్చలుంటే కుంచెతో రీటచ్ చేసి, ఎక్కడ కత్తిరించాలో పెన్సిలు గీతలు పెట్టి ప్రెస్సుకి పంపేవాళ్లు. సంచిక వచ్చాక ఆ ప్రింటు ఫైల్లోకి పోయేది, లేదా చెత్తబుట్టలోకి. దాన్ని దాచుకోవాలని ఎవరికీ తోచేది కాదు. మన సినిమా కంపెనీలు పత్రికలకి పంపిన స్టిల్స్ సంగతీ అంతే. వాటి విలువ ఆ వారం వరకే.

అలాంటి పని ప్రింట్లలో ఏది అసలుదన్న ప్రశ్న కూడా చిక్కుదే. హోర్స్ట్ 1939లో ప్యారిస్‌లో తీసిన మెయిన్‌బోకర్ కోర్సెట్ ఫోటో ఉంది కదా, వీపు చూపిస్తూ కూర్చున్న స్త్రీ, వదులైన నాడాలు. అందులో కోర్సెట్ ఒక పక్క ఒంటికి దూరంగా తెరుచుకుని ఉంటుంది. పత్రిక కోసం దాన్ని రీటచ్ చేసి ఒంటికి అతుక్కునేలా బిగించారు. ఇప్పుడు రెండు రకాలూ ఉన్నాయి. మొదట లోకం చూసింది బిగించినదాన్ని. ఫోటోగ్రాఫరు కన్ను చూసింది వదులుగా ఉన్నదాన్ని. నాకైతే ఆ ఖాళీలోనే ఫోటో అంతా ఉందనిపిస్తుంది. కానీ పత్రికల చరిత్ర రాసేవాడికి రీటచ్ చేసినదే అసలు పత్రం.

ఫోటోల బజారు వేరే లెక్క పెట్టుకుంది. నెగెటివ్ తీసిన కొద్ది ఏళ్లలో, మామూలుగా అయిదేళ్ల లోపు, ఫోటోగ్రాఫరు చేతనో అతని పర్యవేక్షణలోనో అయిన ప్రింటుని వింటేజ్ ప్రింటు అంటారు. తర్వాత చేసినవి తర్వాతి ప్రింట్లు. ఫోటోగ్రాఫరు పోయాక వారసులు చేయించినవి ఇంకో మెట్టు కింద. ఇది శాస్త్రం కాదు, వ్యాపారుల ఒప్పందం, అదీ ఇటీవలిది. న్యూయార్క్‌లో లీ విట్కిన్ ఫోటోలకే అంకితమైన గ్యాలరీ తెరిచింది 1969లో. లండన్ సోథబీస్ ఫోటోలకి క్రమంగా వేలాలు మొదలెట్టింది 1971లో. అంతకు ముందు పత్రిక ఆఫీసుల్లోంచి బయటికి పోయిన ప్రింట్లకి ఎవరూ లెక్క రాయలేదు. వింటేజ్ ప్రింట్లు అరుదు అంటే కారణం ఎక్కువసార్లు ఇదే. వాటిని ఎవరూ ఉంచలేదు.

మరి 2010లో రికార్డు పలికిన డోవిమా ప్రింటు వింటేజా? కాదు. అది 1978లో చేసినది. ఫోటో తీసిన 23 ఏళ్లకి, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో అవెడాన్ ప్రదర్శన కోసం, మనిషిని మించిన సైజులో, రెండు మీటర్లకి పైన ఎత్తుతో చేయించాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకి పైగా అది అతని స్టూడియో ప్రవేశంలో ఉంది. 2004లో అతను పోయాక అతని పేరిట ఉన్న ఫౌండేషన్ దగ్గర్నుంచే నేరుగా వేలానికి వచ్చింది. బజారు తను పెట్టుకున్న వింటేజ్ నియమాన్ని తనే పక్కన పెట్టింది. ఎందుకంటే ఆ సైజుది అదొక్కటే. పైగా ఫ్యాషన్ ఫోటో పత్రిక పేజీలోంచి మ్యూజియం గోడ మీదికి ఎక్కిన ఘట్టం ఆ కాగితంలోనే ఉంది. 1955 నాటి చిన్న ప్రింటు ఏనుగుల పక్కన నిలబడ్డ అమ్మాయిని చూపిస్తుంది. 1978 నాటి పెద్ద ప్రింటు, ఒక ఫోటోగ్రాఫరు తనని కళాకారుడిగా గుర్తించమని అడగడాన్ని చూపిస్తుంది. రెండూ చరిత్రే. ఎక్కువ డబ్బు పలికింది మాత్రం రెండోదానికి.

ఇలాంటి కథలన్నిటికీ రుజువు కావాలి, అందుకే వెనకవైపు. స్టూడియో స్టాంపు, కాపీరైట్ స్టాంపు, సంతకం, ఎన్ని ప్రింట్లలో ఇది ఎన్నోదో చెప్పే అంకె, పత్రిక ఆఫీసులో ఎవరో గీసిన కొలతలు, పాత గ్యాలరీ చీటీ, చివరికి జిగురు మరక కూడా సాక్ష్యమే. స్టాంపులో ఉన్న చిరునామాలో ఆ స్టూడియో ఏ ఏళ్లలో ఉండేదో తెలిస్తే ప్రింటు వయసు తెలుస్తుంది. అందుకే కొత్త ఫ్రేములో అందంగా ఉంటుందని వెనక అట్టకి జిగురుతో అంటించేసిన ఫోటో సగం నోరు మూసుకున్న సాక్షి లాంటిది.

రాతలు దొంగవి కావచ్చు. అప్పుడు కాగితాన్ని అడగాలి. 1950ల నుంచి ఫోటో కాగితాల తయారీలో తెల్లదనం పెంచే రసాయనాలు కలపడం మొదలైంది, మన బట్టల సబ్బుల్లో వేసే తరహావే. అతినీలలోహిత దీపం కింద అవి నీలిగా వెలుగుతాయి. బాలకార్మికుల ఫోటోలతో అమెరికాని కదిలించిన లూయిస్ హైన్ 1940లో చనిపోయాడు. 1990ల చివర్లో, హైన్ సొంతంగా చేసిన ప్రింట్లుగా అమ్ముడైన కొన్నిటిని దీపం కింద పెడితే చక్కగా వెలిగాయి. మనిషి పోయి పదేళ్లు దాటాక గానీ పుట్టని కాగితం. పాల్ మెసియర్ అనే ఫోటో సంరక్షకుడు ఆ పరీక్షల్లో పేరు తెచ్చుకున్నాడు. తర్వాత పాత ఫోటో కాగితాల నమూనాల్నే వేల సంఖ్యలో పోగు చేశాడు. ముఖం లేని, ఏ బొమ్మా లేని ఖాళీ కాగితాలు. అలాంటి సేకరణకి ఒక జీవితం పెట్టేవాళ్లున్నారంటే నాకు చెప్పలేనంత సంతోషం.

1955 నాటి ప్రింటు విషయంలో ఈ దీపం ఒక్కటే చాలదు, సరిగ్గా సరిహద్దు మీద పడుతుంది కాబట్టి. అయితే ఇంకో గుర్తుంది. పాత కాగితం ఉత్త కాగితమే. దాని మీద తెల్లటి బేరియం పూత, ఆ పైన వెండి రేణువులున్న జెలటిన్ పొర. రెండు వైపులా ప్లాస్టిక్ పూత పూసిన కాగితాలు ఆ తర్వాతెప్పుడో వచ్చాయి. 1955లో చేసిందని చెప్పే ప్రింటు వీపు ప్లాస్టిక్‌లా జారుతుంటే ఇక మాట్లాడటానికేం లేదు.

జెలటిన్ అన్నాను కదా. అంటే పశువుల ఎముకల్నీ చర్మాల్నీ ఉడికించి తీసిన జిగురు. నలుపు తెలుపు ఫోటో అంటే ఆ జిగురులో నిలిచిపోయిన వెండి. దాన్ని కాపాడటంలో కష్టమంతా ఈ రెండు మాటల్లోనే ఉంది. జిగురుకి తడి తగిలితే ఉబ్బుతుంది, బూజుకీ పురుగుకీ మంచి భోజనం అవుతుంది. మరీ ఎండితే ముడుచుకుని పగులుతుంది. వెండికి గాలిలోని గంధకం పడదు, పూజగదిలో కుందులు నల్లబడ్డట్టే. పాత ఫోటోని ఏటవాలుగా పట్టుకుంటే అంచుల్లో, నల్లటి చోట్లలో నీలంగా అద్దంలా మెరుస్తుంది, చూశారా? లోపలి వెండి కరిగి పైకి పాకి మళ్లీ లోహంగా పేరుకున్న జాడ అది. చాలామంది దాన్ని పాడైన గుర్తు అనుకుని గుడ్డతో తుడుస్తారు. తుడిస్తే పోయేది బొమ్మే. వెల కట్టేవాళ్లకి ఆ మెరుపు కొంతవరకు మేలే చేస్తుంది, వయసు అబద్ధం కాదని చెబుతుంది.

ఇంకో శత్రువు డార్క్‌రూమ్‌లోనే పుడుతుంది. ఫిక్సరు, అదే మన స్టూడియోల్లో హైపో అనేది, కాగితంలో మిగిలిపోతే ఏళ్ల తర్వాత బొమ్మని పసుపు గోధుమ రంగులోకి తినేస్తుంది. అది పూర్తిగా పోవాలంటే మందపాటి కాగితాన్ని పారే నీళ్లలో గంటసేపైనా కడగాలి. వేసవిలో బిందె నీళ్లకి కటకటలాడిన ఊళ్లలో ఏ స్టూడియోవాడు పెళ్లి ఫోటోల్ని గంటసేపు కడిగి ఉంటాడు? మన అమ్మమ్మల ఫోటోలు కొన్ని టీ రంగులోకి తిరిగి, కొన్ని నిన్న తీసినట్టుండటానికి ఒక కారణం ఆ రోజు స్టూడియోలో నీళ్లున్నాయా లేదా అన్నదే.

మ్యూజియాలు చేసేది గొప్ప రహస్యమేం కాదు. చల్లగా, చీకటిగా, గాలిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య పెద్దగా మారకుండా ఉంచుతారు. ఆమ్లం లేని కాగితపు కవర్లు, లేదా పాలియెస్టర్ కవర్లు. ఫ్రేములో అద్దానికీ ఫోటోకీ మధ్య ఖాళీ. జిగురు వాడరు, మూలల్లో చిన్న కాగితపు జేబులు పెట్టి నిలబెడతారు. విశాఖలోనో మచిలీపట్నంలోనో వర్షాకాలంలో తేమ 80 దాటే ఇళ్లలో ఇది అక్షరాలా కుదరదు. అయినా కొన్ని కుదురుతాయి. ఫోటోల్ని బయటిగోడకి ఆనించిన బీరువాలో, అటక మీద పెట్టకపోవడం. 1980ల్లో ఇంటింటికీ వచ్చిన జిగురు పేజీల ఆల్బమ్‌లోంచి, ఇంకా ఊడి వచ్చే స్థితిలో ఉన్నవాటిని ఓపిగ్గా తియ్యడం, రానివాటిని లాగకపోవడం. పీవీసీ ప్లాస్టిక్ కవర్లు మానెయ్యడం. అన్నిటికన్నా ముందు లామినేషన్ చేయించకపోవడం. మన ఊళ్లలో పాత ఫోటోలకి జరిగిన అన్యాయాల్లో చెదలు తర్వాత స్థానం లామినేషన్‌దే అని నా నమ్మకం. వేడితో కరిగించి అంటించిన ప్లాస్టిక్‌ని ఇక ఎవరూ విడదియ్యలేరు. వీపు మీద ఉన్న స్టూడియో ముద్ర ఎప్పటికీ లోపలే.

స్కాన్ చేసేశాం కదా ఇంకెందుకు అనే మాట నాతో చాలామంది అన్నారు. స్కాన్ మంచిదే, చెయ్యాలి, వెనకవైపు కూడా చెయ్యాలి. కానీ స్కాన్‌ని దీపం కింద పెట్టి దాని కాగితం వయసు అడగలేం.

నెగెటివ్ సంగతి ఇంకా విచిత్రం. అసలు తల్లి అదే అయినా బజారులో దానికి ప్రింటంత గ్లామరు లేదు. ఆ కాలపు అసిటేట్ నెగెటివ్‌లు వేడికీ తేమకీ పులిసిపోతాయి, పెట్టె తెరిస్తే వెనిగర్ వాసన వేస్తుంది, ఫిల్ము కుంచించుకుని పొర లేస్తుంది. ఒకటి మొదలైతే పక్కవాటికీ అంటుకుంటుంది. ఆ ఆగస్టులో డోవిమా ఏనుగుల దగ్గర ఇంకో గౌనులో కూడా నిలబడింది, తెల్లటి గౌను. పత్రికలో ఆ ఫోటో కూడా వచ్చింది. దాని నెగెటివ్ తర్వాత కనిపించకుండా పోయిందని చెబుతారు. అందుకే మనకి పోస్టర్లలో, పుస్తకాల్లో ఒక్క ఫోటోనే తెలుసు. ఒకే రోజు, ఒకే చోటు, ఒకే మనిషి. ఒకటి కోట్లు పలికింది, ఇంకొకటి పాత సంచికల పేజీల్లో ఉండిపోయింది. రెండోది తక్కువ ఫోటో కావడం వల్లే ఇలా జరిగిందా? తేల్చాలంటే పక్కపక్కన రెండు ప్రింట్లు ఉండాలి.

ఇక ప్రింటు పేరు. వేలం జాబితాల్లో, మ్యూజియం చీటీల్లో పూర్తి శీర్షిక ఇలా ఉంటుంది: ఏనుగులతో డోవిమా, డియోర్ సాయంకాలపు గౌను, సిర్క్ దివేర్, ప్యారిస్, ఆగస్టు 1955. మనిషి, బట్ట, చోటు, నెల. ఫ్యాషన్ ఫోటోకి ఇంత వివరంగా పేరుండటం మంచి విషయమే, అందులోనూ మోడల్ పేరు మొదట రావడం. చాలా ఫ్యాషన్ ఫోటోల్లో గౌను ఎవరిదో ఉంటుంది, వేసుకున్నదెవరో ఉండదు.

అయితే డోవిమా ఆమె అసలు పేరు కాదు. డొరొతీ వర్జీనియా మార్గరెట్ జూబా, 1927లో పుట్టింది, న్యూయార్క్‌లో క్వీన్స్ పేటలో పెరిగింది. చిన్నప్పుడు కీళ్లవాతపు జ్వరంతో ఏళ్ల తరబడి మంచాన పడింది. ఆ మంచం మీద తనకి తోడుగా ఊహించుకున్న స్నేహితురాలి పేరు డోవిమా, తన మూడు పేర్లలోంచి మొదటి ముక్కలు తీసి కలిపింది. తర్వాత అదే తన పేరు చేసుకుంది, ఇంటిపేరు లేకుండా. 1950ల్లో నిమిషానికి డాలరు తీసుకునే మోడల్ అని ఆమెకి పేరు. గంటకి 60 డాలర్లు, అప్పటికి అది తలతిరిగే లెక్క. అవెడాన్ జీవితాన్ని ఆధారం చేసుకుని 1957లో వచ్చిన ఫన్నీ ఫేస్ సినిమాలో చిన్న వేషం కూడా వేసింది.

1960ల మొదట్లో మోడలింగ్ వదిలేసింది. చివరి ఏళ్లలో ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఒక పిజ్జా హోటల్లో, వచ్చినవాళ్లని పలకరించి బల్ల చూపించే ఉద్యోగం చేసింది. 1990లో క్యాన్సర్‌తో పోయింది, 62 ఏళ్లు. వేలానికి ఇంకా ఇరవై ఏళ్లుంది. ఫోటో ఎంత పలికినా మోడల్‌కి అందులో వాటా ఉండదు, బతికి ఉన్నా రాదు. ఆమెకి రావలసింది 1955లోనే నిమిషాల లెక్కన ముట్టింది. దీన్ని అవెడాన్ తప్పుగా చూపించాలని కాదు, అందరికీ అదే పద్ధతి. కాకపోతే కాగితాన్ని 40 శాతం తేమలో జాగ్రత్త చేసే ఏర్పాటు ఉన్న చోట, ఆ కాగితంలోని మనిషికి ఏ ఏర్పాటూ లేకపోవడం నాకు కొరుకుడు పడదు.

మా పెద్దమ్మ ఇంట్లో 1960ల నాటి స్టూడియో ఫోటో ఒకటుంది. విజయవాడలో తీయించుకున్నది, అప్పటి హీరోయిన్ల పద్ధతిలో ముఖం ఏటవాలుగా తిప్పి, బుజం మీద జడ, వెనక గీసిన మేడమెట్లు. ఆ అమ్మాయి ఎవరో ముగ్గురు మూడు పేర్లు చెబుతున్నారు. వెనక స్టూడియో ముద్ర ఉంది, నంబరుంది, పేరు లేదు. పెద్దమ్మకి ఎనభై దాటాయి. పోయినసారి వెళ్లినప్పుడు మెత్తటి పెన్సిలు పట్టుకెళ్లాను, బాల్ పెన్ను అయితే ముందువైపు అచ్చు పడుతుంది. ఆవిడ ఆల్బమ్‌లో తనకి ఖాయంగా తెలిసిన పద్నాలుగు ఫోటోల వెనక, అంచున, పేరూ ఊరూ సుమారు ఏడూ చెప్పింది, నేను రాశాను. ఈ ఒక్కదాని దగ్గర మాత్రం చాలాసేపు చూసి, "దీన్ని రాయకు, రెండో అమ్మిణ్ణి కూడా అడగనీ" అంది.